లేసులు ఎవరు కట్టారు

పోయినవారం మనం ఆ కొత్త జంటను మెట్ల కింద నిలబెట్టి వచ్చేశాం. మెడికల్ బోర్డు పై అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపుకి 'పనిచేయదు' అన్న అట్టముక్క వేలాడుతోంది. నడుము దెబ్బతిని ఇంటికొచ్చిన సైనికుల అప్పీళ్లు వినే ఆఫీసుకి మెట్లు తప్ప వేరే దారి లేకపోవడం చూసి టీచరమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. అతను నిన్నమొన్నటిదాకా సైన్యంలో జవాను. ఇంట్లో ఆమెను అతను టీచరమ్మా అనీ, అతన్ని ఆమె జవానుగారూ అనీ పిలుచుకుంటారు. అలా పిలుచుకుంటే ఇద్దరికీ ఇంకా ముద్దొచ్చే రోజులే. పెళ్లికి ముందు, మందుగుండు పెట్టెలు దించుతుంటే లారీ వెనక తలుపు ఊడి అతని నడుము మీద పడింది. వెన్నులో దెబ్బ, అక్కణ్ణించి కుడికాల్లోకి పాకిన నరాల జబ్బు. మొదటి బోర్డు ముందు ఏ ప్రశ్న అడిగినా అతను 'బాగానే ఉంది సార్' అన్నాడు. వాళ్లూ ఆ మాటే నమ్మి వైకల్యం ఇరవై శాతమని తేల్చి పంపేశారు. యాభై దాటితేనే సైనికుల ఆసుపత్రి అతన్ని ఆపరేషన్‌కి తీసుకుంటుంది. ఆపరేషన్ జరక్కపోతే కాలు ఒంటికి ఉంటుంది కానీ పనికి రాదు. అందుకే ఈ అప్పీలు.

ఇంకో చిన్న సంగతి. ఆ ఉదయం బస్సులో కూర్చున్నాక చూసుకుంటే ఆమె చెవిదుద్దు ఒకటి లేదు. ఎర్రరాయి, మినపగింజంత. పెళ్లయ్యాక అతను కొనిచ్చిన మొదటి వస్తువు. సీటు కింద, సంచిలో, కండక్టరు కాళ్ల దగ్గర కూడా వెతికింది. "రెండోది ఉందిగా. సగం అందం చాల్లే నాకు" అన్నాడతను. పోయిన దుద్దు కోసం ఏడవబోయిన ఆమె ఆ మాటకి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

మెట్లెక్కడం మొదలైంది. ఎడమచేత్తో పిట్టగోడ పట్టుకుని, కుడికాలిని తుంటి దగ్గర్నుంచి విసిరినట్టు లేపి పై మెట్టు మీద వేస్తున్నాడు. ఆ పాదం ఎక్కడ పడిందో కళ్లతో చూసుకున్నాకే రెండోది కదుపుతున్నాడు. ఆమె అతని వెనకే, ముట్టుకోకుండా, చేతులు సగం చాపి నడిచింది. బడిలో పిల్లలు గోడెక్కి నడిచేటప్పుడు ఆమె అలాగే నడుస్తుంది. మలుపు వచ్చినచోటల్లా అతను ఆగి గోడమీది నోటీసులు శ్రద్ధగా చదివాడు. ఆయాసం తీర్చుకోవడానికని ఆమెకు తెలుసు. తెలిసినట్టు కనబడకూడదు.

"ఏం రాసుంది జవానుగారూ?"

"ఇక్కడ ఉమ్మి వేయరాదట."

"తర్వాత ఏమవుతుందట?"

"అది పై మలుపులో ఉంటుందేమో, పద."

పైన వరండాలో బల్ల మీద ఒకాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి మోచేతి కింద లేదు, చొక్కా చెయ్యి మడిచి పిన్ను పెట్టుకున్నాడు. సైన్యంలో ట్రక్కు నడిపేవాడట. అందరూ రేడియో అంటారని ఆయనే చెప్పుకున్నాడు. ఎందుకంటారో అడగక్కర్లేకపోయింది.

"తమ్ముడూ, గడ్డం గీసుకొచ్చావా?"

"గీసుకున్నానన్నా."

"చొక్కా ఇస్త్రీ?"

"మా ఆవిడ చేసింది."

"బూట్లు అద్దాల్లా ఉన్నాయి. ఇంకేం. లోపల నిన్ను చూసి మళ్లీ పటాలంలో చేర్చుకుంటారు." రేడియో తన మడిచిన చొక్కా చెయ్యి ఊపాడు. "నన్నేం అడిగారో తెలుసా? 'ఎడమచెయ్యేగా, అలవాటు పడ్డారా' అని. పడ్డానన్నానో, నా పని అయిపోయినట్టే. 'పడలేదు సార్, ఈ జన్మకి పడను' అన్నాను. వాళ్లకి చెయ్యి లేకపోవడం కనబడితే చాలదు, మనకి అది లేదన్న బాధ కూడా కనబడాలి."

జవాను నవ్వాడు. రేడియో ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, తప్పుగా అనుకోకు. నువ్వు ఇతన్ని బాగా చూసుకుంటున్నావు. ఈ మేడ మీద అదే చేయకూడని పని."

ఆ మాట ఆమెకు మెచ్చుకోలులాగే వినబడింది. పొంగిపోయింది కూడా.

లోపల్నుంచి పిలుపొచ్చింది.

అప్పీలు చేసినవాళ్లు తోడుగా ఒక్కరిని తెచ్చుకోవచ్చు, కానీ తోడు వచ్చినవాళ్లు అడిగితే తప్ప నోరు విప్పకూడదు. ఆమెను గోడవారగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పొడుగు బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, ఒకప్పుడు సైన్యంలోనే డాక్టరు, తెల్లమీసం. కుడిపక్క నరాల డాక్టరమ్మ, తలెత్తకుండా ఎక్స్‌రేలు చూస్తోంది. ఎడమపక్క ఆఫీసాయన, ఫైళ్ల మనిషి. గది మూల పరీక్షలు చేసే మంచం, దాని మీద చల్లటి రెక్సిన్.

వారమంతా ఇంట్లో ఈ గదినే ఆడుకున్నారు ఇద్దరూ. పిల్లల బడిలోని ప్లాస్టిక్ స్టెతస్కోపు మెడలో వేసుకుని ఆమె డాక్టరయ్యేది. అతను మంచం చివర పేషెంటయ్యేవాడు. "నడుము ఎలా ఉంది?" అని ఆమె గొంతు మార్చి అడిగితే అతను నవ్వు ఆపుకోలేక నడుము పట్టుకునేవాడు. నవ్వితే నొప్పి, నొప్పిని చూసి మళ్లీ నవ్వు. అయినా పాఠం వచ్చేసింది. 'ముందుకు వంగలేను సార్. కూర్చుంటే చేతుల ఆసరా లేకుండా లేవలేను. కుడిపాదం నేల మీద ఉందో గాల్లో ఉందో చూస్తే తప్ప తెలియదు.' మూడు వాక్యాలు. ఆమె బడిలో నాలుగేళ్ల పిల్లలు ఇంతకంటే పెద్ద పద్యాలు అప్పచెబుతారు.

"కూర్చోండి" అన్నాడు అధ్యక్షుడు.

అది డాక్టరు గొంతు కాదు, అధికారి గొంతు. ఆ గొంతు చెవిన పడగానే జవాను వెన్ను దానంతటదే నిటారైంది. మడమలు దగ్గరికొచ్చాయి, గడ్డం లేచింది. ఎవరో వెనక నుంచి తాడు లాగినట్టు అనిపించింది ఆమెకు.

"నడుము ఎలా ఉంది?"

"బాగానే ఉంది సార్."

టీచరమ్మ కళ్లు మూసుకుంది.

"మరి అప్పీలు ఎందుకు చేశారు?"

"అప్పుడప్పుడు కొంచెం లాగుతుంది సార్."

కొంచెమట. పక్కమీద ఇటునుంచి అటు తిరగాలంటే ఆమె భుజం పట్టుకుని, పళ్లు బిగించి, సగంలో ఆగి ఊపిరి పీల్చుకుని తిరిగే మనిషి. ఆమె నిద్రపోతున్నట్టు నటిస్తూ భుజం గట్టిగా పెడుతుంది, పట్టు జారకుండా.

"పైకి ఎలా వచ్చారు?"

"మెట్లెక్కి సార్."

"ఎవరైనా పట్టుకున్నారా?"

"లేదు సార్."

అధ్యక్షుడు ఏదో రాసుకున్నాడు. తర్వాత కళ్లద్దాలు తీసి, బల్ల పక్కకి వంగి జవాను పాదాల వైపు చూశాడు. ఆయన మొహంలో కోపమేం లేదు, అలసట ఉంది. "చూడండి. నేను ఇక్కడ రోజూ కుంటే వాళ్లని చూస్తాను. కొందరు గేటు దాటగానే మామూలుగా నడుస్తారు. అది కూడా ఈ కిటికీలోంచే చూస్తాను. మీరు నటించడం లేదు, అది మంచిదే. కానీ మీ అప్పీల్లో ఏం రాశారు? మోకాలి కిందకి చెయ్యి అందదని. ఆ బూట్లేమిటి మరి? లేసులు ఎంత బిగుతుగా, ఎంత శుభ్రంగా ఉన్నాయి. వంగలేని మనిషి కట్టుకున్న లేసులేనా అవి?"

టీచరమ్మ ఆ లేసుల వైపు చూసింది.

రోజూ ఉదయం ఆమె నేలమీద కూర్చుంటుంది. అతను మంచం మీద కూర్చుని పాదం ఆమె ఒళ్లో పెడతాడు. "గట్టిగా కట్టు టీచరమ్మా, ఆటల గంటలో ఊడిపోతే నిన్నే పిలుస్తా" అంటాడు. బడిలో ఎగిరే పిల్లలకి కట్టే ముడే అతనికీ కడుతుంది. రెండు చెవులు చేసి, వాటితో మళ్లీ ముడివేసి, చివర్లు లోపలికి దోపేస్తుంది. ఎంత గెంతినా ఊడదు. కట్టాక బూటు మీద ఒక్కటి తడుతుంది, పాఠం అయిపోయినట్టు. ఆ కాస్త సేపూ ఆమెకు రోజు మొత్తంలో ఇష్టమైన సమయం. ఈ ఉదయం ఇంకొంచెం శ్రద్ధగా కట్టింది, పెద్దవాళ్ల ముందుకి వెళుతున్నాడని.

ఇప్పుడు ఆ శ్రద్ధే అతని మీద సాక్ష్యమై కూర్చుంది.

"ఎవరు కట్టారు లేసులు?" అడిగాడు అధ్యక్షుడు.

చెప్పేస్తాడనుకుంది. ఒక్క మాట, మా ఆవిడ అంటే చాలు. వెనక నుంచి అతని చెవులు ఎర్రబడటం కనబడింది. ఆఫీసర్ల ముందు ఆ మాట అనడం అతనికి ఎంత బరువో ఆ చెవుల్లో తెలిసింది.

"నేనే సార్" అన్నాడు.

"అబద్ధం సార్" అంది టీచరమ్మ. లేచి నిలబడ్డానని అన్నాక తెలిసింది.

"అమ్మా, మిమ్మల్ని అడగలేదు."

"అడగలేదు సార్. కానీ కట్టింది నేను. రోజూ నేనే కడతాను. సాక్సులు కూడా నేనే తొడుగుతాను."

"నువ్వు ఊరుకో" అన్నాడు జవాను, వెనక్కి తిరక్కుండా. ఆ గొంతుతో అతను ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆఫీసాయన పెన్ను ఆపాడు. "మొగుడు బాగున్నానంటుంటే పెళ్లాం కాదనడం ఈ గదిలో ఇదే మొదటిసారి సార్. మామూలుగా తిరగేసి ఉంటుంది."

అధ్యక్షుడు నవ్వలేదు. "తేల్చుకోవడం సులువే. కుడిబూటు విప్పి, మళ్లీ కట్టండి."

నావల్ల కాదు సార్ అంటాడు, ఇప్పుడైనా అంటాడు, అనుకుంది ఆమె. అనలేదు. వంగడం మొదలుపెట్టాడు.

చేతులు తొడలు దాటాయి. మోకాళ్లు దాటాయి. వేళ్లు కాలి ఎముక మీద సగం దాకా పాకి ఆగిపోయాయి. నుదుటి మీంచి చెమట చుక్క ఒకటి మెరుస్తున్న బూటు మీద పడింది. ఇంక చాలు అనుకున్నచోట ఇంకాస్త వంగాడు. కుర్చీ కిర్రుమంది. అతని గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది, ఆమె చీకట్లో మాత్రమే విన్నది. ఆ తర్వాత కిందకీ పోలేదు, పైకీ రాలేదు. అలా మడతపడి బిగుసుకుపోయాడు. అప్పుడు కూడా వేళ్లు లేసు కోసం గాల్లో వెతుకుతూనే ఉన్నాయి.

"ఆపండి" అంది నరాల డాక్టరమ్మ. ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

ఆఫీసాయన ఒకవైపు, టీచరమ్మ ఒకవైపు పట్టుకుని అతన్ని మంచం మీదకి చేర్చారు. డాక్టరమ్మ కుడిబూటు దగ్గర కూర్చుని లేసు లాగింది. రాలేదు. గోరు పెట్టి చూసింది. ముడి ఇంకా బిగిసింది.

"ఇదెలా ఊడుతుందమ్మా?"

"చివర్లు లోపల ఉంటాయి మేడమ్. పైకి కాదు, పక్కకి లాగాలి." టీచరమ్మ ఒక్క లాగు లాగింది. ముడి విచ్చుకుంది.

డాక్టరమ్మ అధ్యక్షుడి వైపు చూసింది. ఆయన బల్ల మీది కాగితంలో ఏదో కొట్టేశాడు. గెలిచాం అనుకుంది టీచరమ్మ. ఇంటికెళ్లేటప్పుడు కిటికీ సీటు అతనికే ఇవ్వాలనుకుంది.

డాక్టరమ్మ బూటు లాగింది. సాక్సు అరికాలి దగ్గర నల్లగా తడిసి, పాదానికి అతుక్కుని ఉంది. మెల్లగా ఒలిచింది. మడమకి కాస్త ముందు, మెత్తటి చోట, ఎర్రటి చుక్క ఒకటి మెరిసింది. రక్తం గడ్డకట్టిందనుకుంది టీచరమ్మ. రక్తానికి అంత మెరుపుండదు.

అది ఎర్రరాయి. దుద్దు శీల మొత్తం పాదంలోకి దిగిపోయింది.

పొద్దున సాక్సు తొడగడానికి వంగినప్పుడు అందులోకి జారిపడి ఉంటుంది. దాని మీదే బూటు బిగించి, పైన ఒక్కటి తట్టింది కూడా. అతను దాన్ని తొక్కుకుంటూ బస్టాపు దాకా నడిచాడు, మలుపు మలుపులోనూ నోటీసులు చదువుతూ ఇన్ని మెట్లెక్కాడు. బస్సు సీటు కింద ఆమె వెతుకుతుంటే నవ్వించాడు.

డాక్టరమ్మ పట్టకారుతో దాన్ని బయటికి లాగింది. "నొప్పిగా ఉందా?"

"లేదు మేడమ్. బాగానే ఉంది" అన్నాడు జవాను పైకప్పు చూస్తూ.

ఆ గదికొచ్చాక తన ఒంటి గురించి అతను చెప్పిన మొదటి నిజం అదే.

ఆఫీసాయన టీచరమ్మ చెవుల వైపు చూశాడు. ఒకదానికి ఎర్రరాయి ఉంది, ఒకటి బోసిగా ఉంది. "సార్, దుద్దు ఆవిడది. బూటు కట్టింది కూడా తనేనని ఆవిడే చెప్పింది. ఇది పడిందో, పెట్టారో..."

టీచరమ్మకి ఒళ్లు మండింది. తన నోటితో తను చెప్పిన మాటే తిరిగి తన మొహాన కొట్టాడు.

"పెట్టినా పడినా, గుచ్చుకుంటే అతనికి తెలియాలిగా" అంది డాక్టరమ్మ. "ఆ సందేహం ఎందుకు, సరిగ్గా పరీక్షిద్దాం. కళ్లు మూసుకోండి. సూది గుచ్చినప్పుడల్లా ఆఁ అనండి. ముందు బాగున్న కాలు చూస్తాను, దానితో పోల్చి కుడికాలు. ఎడమకాలు బాగుందని మొదటి బోర్డులోనూ, అప్పీల్లోనూ చెప్పారు కదా?"

"బాగుంది మేడమ్."

ఎడమబూటు లేసు కూడా టీచరమ్మే విప్పింది. డాక్టరమ్మ సూది తీసుకుంది. బొటనవేలి మీద గుచ్చింది.

"ఆఁ" అన్నాడు జవాను.

పాదం మీద.

"ఆఁ."

డాక్టరమ్మ సూది పైకెత్తి గాల్లోనే ఆపింది.

"ఆఁ" అన్నాడు జవాను.

టీచరమ్మకి అర్థం కాలేదు. సూది ఇంకా గాల్లోనే ఉంది.

"ఆఁ" అన్నాడు మళ్లీ, అంతే ఎడంతో, పరేడ్‌లో అంకెలు లెక్కపెట్టినట్టు. ఈసారి డాక్టరమ్మ వరుసగా చీలమండ దాకా గుచ్చుకుంటూ వచ్చింది. అతను తన లెక్కలో తనున్నాడు. "ఆఁ." సూదికీ ఆ గొంతుకీ సంబంధమే లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, పరీక్ష బాగా రాస్తున్న పిల్లవాడిలా పడుకుని ఉన్నాడు.

అధ్యక్షుడు లేచి మంచం దగ్గరికొచ్చాడు. చూశాడు. ఆయన గొంతులో అధికారి పోయి డాక్టరు వచ్చాడు.

"చాలు బాబూ. కళ్లు తెరువు."

తెరిచాడు. నలుగురి మొహాలూ చూశాడు. ఎక్కడ దొరికిపోయాడో అతనికి తెలిసింది.

"ఒక కాలైతే ఒక జబ్బు. రెండు కాళ్లకీ పాకితే అది వేరే" అంది డాక్టరమ్మ, ఎక్స్‌రే మళ్లీ వెలుతురుకి పట్టి. "శాతాల సంగతి తర్వాత. ఆపరేషన్‌కి వేళ మించిపోయిందో లేదో చూడాలి ముందు. ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

జవాను తల గోడవైపు తిప్పుకున్నాడు.

"అడుగుతున్నాను. ఎడమకాలు ఎప్పట్నుంచి?"

"పెళ్లికి ముందు నుంచే మేడమ్."

టీచరమ్మ చేతిలో ఎడమబూటు ఉంది. దాన్ని కింద పెట్టాలని అనిపించింది కానీ ఎక్కడ పెట్టాలో తోచలేదు. రోజూ ఒళ్లో పెట్టుకున్న రెండు పాదాలు. ఎడమదానికి గిలిగింతలు పెట్టినప్పుడల్లా అతను నవ్వి వెనక్కి లాక్కునేవాడు. అది కూడా ఆమె మొహం చూసి లాక్కున్నదేనన్నమాట.

"అప్పుడే చెప్పి ఉంటే మొదటి బోర్డే నిన్ను ఆపరేషన్‌కి పంపేది" అన్నాడు అధ్యక్షుడు. "ఎందుకు చెప్పలేదు?"

జవాను మెల్లగా, పక్కనే ఉన్న భార్యను తప్ప అందరినీ చూస్తూ అన్నాడు. "చెబుతాను సార్. ఇవాళ అంతా చెబుతాను. ముందు ఆవిడని బయటికి పంపండి."

అధ్యక్షుడు టీచరమ్మ వైపు చూశాడు. ఆఫీసాయన తలుపు తీయడానికి లేచాడు. వరండాలోంచి రేడియో మాటలు లోపలికి వినబడ్డాయి, ఎవరికో తన చెయ్యి కథ చెబుతున్నాడు.

టీచరమ్మ తలుపు దాకా నడిచింది. ఆఫీసాయన చేతిలోంచి తలుపు తీసుకుని, లోపలి నుంచి మూసి, గడియ వేసింది. తిరిగొచ్చి మంచం పక్కన నేలమీద, రోజూ కూర్చున్నట్టే కూర్చుంది. రక్తం అంటిన కుడిపాదాన్ని ఒళ్లోకి తీసుకుని చేతిరుమాలు చుట్టింది. ముడి గట్టిగానే పడింది.

"ఇప్పుడు చెప్పండి జవానుగారూ" అంది. "ఏం చూసి నన్ను చేసుకున్నారో, ఏం దాచి చేసుకున్నారో, నా ఎదురుగానే చెప్పండి."

అతను ఆ గదిలో మొదటిసారి ఆమె కళ్లలోకి చూసి, నోరు తెరిచాడు.